హాలో స్పోర్ట్ 2: నెత్తిన పెట్టిన కరెంటు కాళ్లదాకా వస్తుందా?

చూడ్డానికి మామూలు హెడ్‌ఫోనే. రెండు చెవులకు రెండు కప్పులు, నెత్తి మీదుగా ఒక వంపు పట్టీ. ఆ పట్టీని తిరగేస్తే తేడా తెలుస్తుంది. లోపలివైపు మూడు ఫోమ్ ప్యాడ్లు, ఒక్కోదాని నిండా పనసతొక్క మీద ఉన్నట్టు మెత్తటి ముళ్లు. వాటిని నీళ్లతో తడిపి, ముళ్లు జుట్టు సందుల్లోంచి మాడుకు ఆనేలా పెట్టుకుని, ఫోన్లో యాప్ నొక్కితే 20 నిమిషాల పాటు తలలోంచి సుమారు 2 మిల్లీఆంపియర్ల కరెంటు పారుతుంది. ఆ తర్వాత ఓ గంట పాటు చేసే సాధన మామూలుకంటే బాగా ఒంటబడుతుందని తయారీదారుల మాట. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు న్యూరోప్రైమింగ్.

తీర్పు ముందే చెప్పేస్తే చదివేవాళ్లకు టైమ్ కలిసొస్తుంది. బరువులెత్తడం, దూకడం, స్ప్రింట్ లాంటి పనులకు సరదాగా ప్రయత్నించి చూడొచ్చు. మారథాన్, ట్రయథ్లాన్, లాంగ్ సైక్లింగ్ కోసమైతే డబ్బు పెట్టక్కర్లేదు. మెదడుకు కరెంటు ఇవ్వడం అంతా బూటకం అని కాదు. ఓర్పు, అంటే అలసటను తట్టుకుని ఎక్కువసేపు సాగే సత్తా, పెరిగిందని చూపించిన పరిశోధనల్లో గట్టివి వేరే చోట ప్యాడ్లు పెట్టి చేసినవి. ఈ హెడ్‌సెట్‌లో ఆ చోట్లు లేవు. అమ్మేది ఒక బండి, చూపించే మైలేజీ ఇంకో బండిది.

ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో నాలుగు మాటలు. హాలో న్యూరోసైన్స్ 2013లో శాన్ ఫ్రాన్సిస్కోలో మొదలైంది. స్థాపకులు డేనియల్ చావ్, బ్రెట్ వింగియర్ ఇద్దరూ అంతకుముందు న్యూరోపేస్‌లో, అంటే మూర్ఛ రోగుల పుర్రెలో అమర్చే స్టిమ్యులేటర్ చేసిన కంపెనీలో పనిచేసినవాళ్లు. కాబట్టి వీధిచివర మాయల ఫకీర్లేం కాదు. మొదటి హాలో స్పోర్ట్ 2016లో సుమారు 700 డాలర్లకు వచ్చింది. గోల్డెన్ స్టేట్ వారియర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాళ్ల తలల మీద, అమెరికా స్కీ జంపర్ల తలల మీద కనిపించడంతో పేరు మోగింది. 2019లో రెండో మోడల్ వచ్చింది: 399 డాలర్లు, బరువు తక్కువ, పాటలు వినడానికి వైరు బదులు బ్లూటూత్. 2021లో స్వీడన్‌కి చెందిన ఫ్లో న్యూరోసైన్స్ ఈ కంపెనీని కొనేసింది. ఫ్లో వాళ్ల దృష్టి డిప్రెషన్ చికిత్స మీద. దాంతో క్రీడల హెడ్‌సెట్ అటకెక్కింది. ఇప్పుడు చేతులు మారేదంతా పాత సరుకే.

లోపల జరిగేది

దీని అసలు పేరు ట్రాన్స్‌క్రేనియల్ డైరెక్ట్ కరెంట్ స్టిమ్యులేషన్. పొట్టిగా టీడీసీఎస్. ప్లస్ ప్యాడ్‌ని యానోడ్ అని, మైనస్ ప్యాడ్‌ని క్యాథోడ్ అని అంటారు. మామూలు మోతాదులో యానోడ్ కింద ఉన్న న్యూరాన్లు, అంటే మెదడులోని నాడీకణాలు, కాస్త రెచ్చడానికి సిద్ధంగా ఉంటాయి, క్యాథోడ్ కిందవి కాస్త మందగిస్తాయి. ఈ కరెంటు న్యూరాన్‌ని పేల్చదు. పేలే గీతకు దాన్ని వెంట్రుకవాసి దగ్గరికి జరుపుతుందంతే. 2 మిల్లీఆంపియర్లు ఇస్తే మనిషి మెదడులో పుట్టే విద్యుత్ క్షేత్రం మీటరుకు ఒక వోల్టు కూడా ఉండదు. శవాల మీద చేసి 2018లో ప్రచురించిన కొలతల్లో పైనుంచి ఇచ్చిన కరెంటులో సుమారు 75 శాతం మాడు చర్మం, కండ, ఎముక దగ్గరే ఆగిపోయింది.

అంత తక్కువ మిగిలినా ఏదో జరుగుతుందనడానికి ఆధారం జర్మనీలోని గ్యోటింగెన్‌లో నీట్ష, పౌలుస్ అనే పరిశోధకులు 2000లో చూపించారు. కొద్ది నిమిషాల కరెంటుకే మోటార్ కార్టెక్స్, అంటే కండరాలకు కదలమని చెప్పే మెదడు పైపొర, స్పందన 40 శాతం దాకా మారింది. కరెంటు ఆపాక కూడా ఆ మార్పు కొన్ని నిమిషాలు నిలిచింది. ఈ రంగమంతా దాని మీద కట్టిన మేడే.

ఇక ఓర్పు సంగతి. పరిగెత్తే మనిషి ఆగిపోయేది కండరంలో పెట్రోలు అయిపోయి మాత్రమే కాదు. "ఇక నావల్ల కాదు" అనే లెక్క మెదడు వేస్తుంది. అదే వేగానికి మెదడు పెట్టాల్సిన తోపుడు పెరిగేకొద్దీ ఆయాసం ఎక్కువ అనిపిస్తుంది. మోటార్ కార్టెక్స్‌ని కాస్త తేలికచేస్తే అదే వేగం తక్కువ కష్టంగా అనిపించాలి. లేదా ఒళ్లు చెప్పే బాధను లెక్కగట్టే ఇన్సులాని అదుపు చేస్తే ఆయాసం ఆలస్యంగా ముదరాలి. సిద్ధాంతం వరకు బాగానే ఉంది.

ఇక్కడ ఒక శరీర నిర్మాణ చిక్కుంది. దీన్ని అమ్మకం కాగితాల్లో రాయరు. మోటార్ కార్టెక్స్‌లో చెయ్యి, ముఖం భాగాలు పుర్రెకు దగ్గరగా పైపైన ఉంటాయి. కాళ్ల భాగం మాత్రం నడినెత్తిన రెండు అర్ధగోళాల మధ్య చీలికలోకి, గోడ మీద గడియారంలా నిలువుగా దిగి ఉంటుంది. రన్నర్‌కి కావాల్సిందేమో కాళ్లు. పైనుంచి ఇచ్చిన కరెంటులో మిగిలిన ఆ పావు వంతు ఆ లోయలోకి దిగాలి.

ఎవరు ఎక్కడ పెట్టారు, ఏం వచ్చింది

బ్రెజిల్‌లో ఒకానో అనే పరిశోధకుడి బృందం పదిమంది శిక్షణ పొందిన సైక్లిస్టులకు ఎడమ కణతవైపు 2 మిల్లీఆంపియర్లు 20 నిమిషాలు ఇచ్చింది. గురి ఇన్సులా. గరిష్ఠ పవర్ సుమారు 4 శాతం పెరిగింది, ఆయాసం ఆలస్యంగా ముదిరింది. 2015లో బ్రెజిల్‌లోనే వీటర్-కోస్టా బృందం కాళ్ల మోటార్ భాగం మీద 13 నిమిషాలు కరెంటిచ్చి, గరిష్ఠ పవర్‌లో 80 శాతం దగ్గర తొక్కించింది. ఉత్తుత్తి కరెంటుతో 407 సెకన్లు తొక్కినవాళ్లు యానోడ్‌తో 491 సెకన్లు తొక్కారు. ఇంగ్లండ్‌లోని కెంట్ యూనివర్సిటీలో ఆంజియస్ బృందం ఇంకా తెలివిగా చేసింది. క్యాథోడ్‌ని కూడా తలమీదే పెడితే దాని కిందున్న భాగం మందగించి ఇటు వచ్చిన లాభాన్ని అటు తినేస్తుందేమో అని అనుమానించి, రెండు మోటార్ భాగాల మీదా యానోడ్లు పెట్టి, క్యాథోడ్లను భుజాల మీదకు దింపింది. పది నిమిషాల కరెంటు, పన్నెండు మంది. 2018లో అచ్చయిన ఆ ఫలితంలో అలసిపోయేదాకా తొక్కిన సమయం సుమారు 23 శాతం పెరిగింది. అదే బృందం అంతకుముందు తొడ కండరం మీద చేసిన పరీక్షలో క్యాథోడ్ భుజం మీద ఉంటే లాభం కనిపించింది, తలమీదే ఉంటే కనిపించలేదు.

హాలో హెడ్‌సెట్‌లో మూడు ప్యాడ్లూ తలమీదే. ఒకటి నడినెత్తిన, రెండు పక్కలకు. భుజానికి పోయే తీగ లేదు, కణతకు ఆనే ప్యాడ్ లేదు. మార్చుకునే వీలూ లేదు. కెంట్ ఫలితం చదివి ఈ హెడ్‌సెట్ కొన్నవాళ్లు ఆ పరీక్షలో పనిచేయని అమరికకు దగ్గరి చుట్టాన్ని కొన్నట్టు.

పూర్తిగా కొట్టిపారేయడానికీ లేదు. 2019లో దక్షిణ కొరియా పరిశోధకులు పదిమంది రన్నర్లను ట్రెడ్‌మిల్ ఎక్కించి, మోటార్ కార్టెక్స్‌కి 20 నిమిషాలు కరెంటిచ్చాక గరిష్ఠ ఆక్సిజన్ వాడకంలో 80 శాతం దగ్గర పరిగెత్తిస్తే, సగటున 18 నిమిషాల చిల్లర నుంచి 21 నిమిషాల చిల్లరకు పెరిగింది. మనిషికీ మనిషికీ మధ్య తేడా మాత్రం అటూఇటూ ఏడు నిమిషాలు. అదే ఏడాది సాక్షాత్తూ హాలో స్పోర్ట్‌తోనే ఇంకో పరీక్ష వచ్చింది. తొమ్మిదిమంది, వెంటవెంటనే పొట్టి స్ప్రింట్లు, పవర్ పెరిగింది. అది ఆరేసి సెకన్ల పని. నాలుగు గంటల పరుగుకు దాన్ని సాక్ష్యంగా తేవడం వందమీటర్ల పరుగు చూసి తిరుమల మెట్లెక్కే సత్తా అంచనా కట్టడమే.

ఇక రెండో వైపు. బార్‌వుడ్ బృందం 20 కిలోమీటర్ల సైకిల్ టైమ్ ట్రయల్‌లోనూ, వేడి గదిలోనూ ఇన్సులా మీదే గురిపెట్టి చూసింది. లాభం సున్నా. స్పెయిన్‌లోని గ్రనాడాలో హోల్గాడో బృందం 36 మంది శిక్షణ పొందిన సైక్లిస్టులతో, అంటే పైవాటన్నిటికంటే పెద్ద సంఖ్యతో, నుదుటి వెనక ఎడమవైపు ప్యాడ్ పెట్టి 20 నిమిషాల టైమ్ ట్రయల్ చేయించింది. తేడా లేదు. ఆ పరిశోధకులే అన్ని అధ్యయనాలనూ పోగేసి లెక్కగడితే చిన్న లాభం తేలింది గానీ, లాభం రాని పరీక్షలు అచ్చుకు రాకుండా సొరుగుల్లో ఉండిపోయిన ఛాయలూ కనిపించాయి.

రెండు రకాల పరీక్షల మధ్య తేడా గుర్తుపెట్టుకుంటే ఈ గందరగోళం సగం విడిపోతుంది. ఒకటి, స్థిరమైన లోడు మీద అలసిపోయేదాకా తొక్కడం. రెండోది, నిర్ణీత దూరాన్నో సమయాన్నో మన వేగంతో పూర్తిచేయడం, అంటే టైమ్ ట్రయల్. మొదటిదాంట్లో చిన్న మార్పు కూడా పెద్ద శాతంగా కనిపిస్తుంది. క్రీడా శాస్త్రంలో వాడే మోటు లెక్క ప్రకారం అందులో వచ్చిన శాతాన్ని సుమారు 15తో భాగిస్తే రేసులో వచ్చే శాతం తేలుతుంది. 23 శాతం అంటే రేసులో ఒకటిన్నర శాతం. చేదేం కాదు, నాలుగు గంటల మారథాన్‌లో ఒక్క శాతం అంటే 2 నిమిషాల 24 సెకన్లు. కానీ 23 అనే అంకె చూసి కొన్నవాడు ఆశించేది అది కాదు.

వాడే పద్ధతి, చెడే చోట్లు

కరెంటు సరిగ్గా పారితేనే పై వాదనలన్నిటికీ అర్థం. చాలామందికి అక్కడే చెడుతుంది.

మొదటి శత్రువు తలనూనె. కొబ్బరినూనె, ఆముదం ఏదైనా కరెంటుకు అడ్డుగోడే. మన ఇళ్లలో రోజూ నూనె పెట్టుకునే తలలకు ఈ ప్యాడ్లు తగిలిస్తే యాప్ కాంటాక్ట్ సరిగా లేదని మొత్తుకుంటుంది, లేదా ముళ్లలో నూనె తక్కువున్న నాలుగైదింటి గుండా కరెంటంతా దూరి అక్కడ చురుక్కుమంటుంది. ముందురోజు సాయంత్రమే షాంపూతో తలంటుకుని పూర్తిగా ఆరనివ్వాలి. కడిగేయని కండిషనర్, జెల్ కూడా వద్దు. తడి తలతో పెట్టుకోవడం ఇంకో తప్పు. తడి జుట్టంతా ఒకే తీగలా మారి, కరెంటు లోపలికి దిగకుండా మాడు మీదుగా ఒక ప్యాడ్ నుంచి ఇంకో ప్యాడ్‌కు జారిపోతుంది. ప్యాడ్ తడిగా, జుట్టు పొడిగా ఉండాలి.

నీళ్ల విషయంలో ఆర్వో ఫిల్టర్ నీళ్లు వాడకండి. లవణాలు తీసేసిన నీళ్లలో కరెంటు సరిగా పారదు. మునిసిపల్ కుళాయి నీళ్లు చాలు. బోరు నీళ్లు కరెంటు పరంగా ఇంకా మేలే గానీ, ఆరాక ముళ్ల మొదట్లో తెల్లగా సున్నం పేరుకుని ఫోమ్ గట్టిపడుతుంది. ప్యాడ్‌ని నీళ్లలో ముంచి లోపలిదాకా తడిసిందో లేదో వేలితో నొక్కి చూడాలి. పైకి తడిగా కనిపించి మధ్యలో పొడిగా ఉండటం మామూలు. ఆ తర్వాత ఒక్కసారి మెల్లగా పిండి, తల వంచితే చెవి మీదకు నీళ్లు కారకుండా చూసుకోవాలి. వాడాక మంచినీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టాలి. తడిగా డబ్బాలో మూసేస్తే వానాకాలంలో మూడోరోజుకే ముక్కవాసన.

పట్టీ చోటు గురించి శ్రద్ధగా వినాలి. పాటలు వినే అలవాటు కొద్దీ చాలామంది హెడ్‌ఫోన్‌ని కాస్త ముందుకో వెనక్కో వాల్చి పెట్టుకుంటారు. మోటార్ కార్టెక్స్ సన్నటి పట్టీ. మూడు నాలుగు సెంటీమీటర్లు ముందుకు జరిగితే వేరే పేటలో దిగినట్టే. కుట్టుపని టేపు తీసుకుని, కనుబొమల నడుమ ముక్కు మొదట్లో ఉండే గుంట నుంచి తల వెనక తగిలే ఎముక బొడిపె దాకా నడినెత్తి మీదుగా కొలవండి. 36 సెంటీమీటర్లు వస్తే 18 దగ్గర చుక్క పెట్టండి. ఇప్పుడు ఒక చెవి ముందు నుంచి ఇంకో చెవి ముందు దాకా కొలిచి సగం చూడండి. రెండు సగాలూ కలిసేది నడినెత్తి. మధ్య ప్యాడ్ నడుమ అక్కడ పడాలి. ఒకసారి కొలిచాక, అద్దంలో చూసి పట్టీ అంచు చెవికి ఎక్కడ తగులుతుందో గుర్తుపెట్టుకుంటే రోజూ టేపు అక్కర్లేదు.

కరెంటు స్థాయిని యాప్‌లో ఒక్కో మెట్టూ పెంచుతూ పోవాలి. మొదటి నిమిషం చీమలు పాకినట్టు, దురదగా ఉంటుంది. తర్వాత తగ్గుతుంది. ఒకేచోట నిప్పురవ్వ పడ్డట్టు మంటగా ఉంటే అది ధైర్యం చూపించాల్సిన సందర్భం కాదు. ఆ చోట ప్యాడ్ ఆరిపోయింది, లేదా సగమే ఆనుతోంది. ఆపి, తడిపి, మళ్లీ పెట్టాలి. చర్మం కాలిన ఘటనల వెనక దాదాపు ఎప్పుడూ ఉండేది ఇదే: మొత్తం కరెంటు మారదు, ఆనే చోటు చిన్నదవుతుంది, చదరపు సెంటీమీటరుకు పడే భారం పెరుగుతుంది. ప్రయోగశాలల్లో వాడే 5 గుణించు 7 సెంటీమీటర్ల స్పాంజికి 2 మిల్లీఆంపియర్లు ఇస్తే చదరపు సెంటీమీటరుకు 0.057 మిల్లీఆంపియర్లే. అదే కరెంటు రెండు చదరపు సెంటీమీటర్ల తడిమచ్చ గుండా దూరితే 1 మిల్లీఆంపియర్. పదిహేడు రెట్లు ఎక్కువ.

నడుస్తున్న మధ్యలో పట్టీని ఠక్కున లాగేస్తే కళ్లముందు మెరుపు మెరిసినట్టవుతుంది. కంటి రెటీనాకు తగిలిన కరెంటు అది. ప్రమాదం కాదు గానీ గుండె ఝల్లుమంటుంది. ముందు యాప్‌లో ఆపి, కరెంటు మెల్లగా దిగాకే తీయాలి.

యాప్‌లో అన్నిటికంటే పైమెట్టు, పదో నంబరు, మీద మోజు పడేవాళ్లకు ఒక మాట. ఈ కరెంటుకు ఎక్కువిస్తే ఎక్కువ ఫలితం అనే సూత్రం వర్తించదు. మందగించేలా చేయాల్సిన క్యాథోడ్ కరెంటును 2 మిల్లీఆంపియర్ల చొప్పున 20 నిమిషాలు ఇస్తే మెదడు స్పందన తగ్గకపోగా పెరిగిందని 2013లో తేలింది. మోతాదు మారితే దిశే మారొచ్చు. 20 నిమిషాల సెషన్‌ను 40 చేసుకోవడం, పొద్దునా సాయంత్రం పెట్టుకోవడం అందుకే తెలివైన పనులు కావు.

రేసు రోజు లెక్క చూస్తే ఇంకో ఇబ్బంది. ఆగస్టు చివర్లో జరిగే హైదరాబాద్ మారథాన్‌నే తీసుకోండి. ఫుల్ మారథాన్ తెల్లవారకముందే మొదలవుతుంది. బ్యాగు అప్పగించి, లైన్లో నిలబడి, గేటు తెరిచేసరికి అరగంట ఇట్టే గడుస్తుంది. హెడ్‌సెట్ తీసింది బ్యాగు ఇచ్చే ముందే కదా. కంపెనీ చెప్పే గంటలో సగం లైన్లోనే కరిగిపోతుంది. మిగతా సగం మొదటి ఐదారు కిలోమీటర్లకు. అక్కడ ఎవరికీ సాయం అక్కర్లేదు. ఫ్లైఓవర్ల మీద, 32వ కిలోమీటరు దాటాక, చెమట ఉప్పు గీతలు కట్టినప్పుడు కావాల్సిన సాయం అప్పటికి ఉండదు. మామూలు 10 కిలోమీటర్ల రేసు, 20 నిమిషాల టైమ్ ట్రయల్ లాంటివాటికైతే ఈ సమయం సరిపోతుంది.

నిజంగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవాలంటే

ఇప్పటికే చేతిలో ఉన్నవాళ్లు "పెట్టుకున్నరోజు బాగా పరిగెత్తినట్టు అనిపించింది" అనే మాటను నమ్మొద్దు. నెత్తిన చురుక్కుమంటుంటే ఏదో జరుగుతోందన్న నమ్మకమే కాస్త లాభం తెస్తుంది. ప్రయోగశాలలో దీన్ని తప్పించడానికి ఉత్తుత్తి సెషన్ పెడతారు: 30 సెకన్లు కరెంటు ఎక్కించి, మెల్లగా సున్నాకి దింపేసి, మిగతా సమయమంతా ఖాళీగా వదిలేస్తారు. మొదటి దురద ఉంటుంది కాబట్టి మనిషికి తేడా తెలియదు.

ఇంట్లోనూ చేయొచ్చు. ఫోన్ ఒక స్నేహితుడి చేతికివ్వండి. ఆరు సెషన్లు, మూడు నిజం, మూడు ఉత్తుత్తి. వరస అతను చీట్లు తీసి రాసుకుని దాచాలి. ఉత్తుత్తి రోజున కరెంటు దించేసినా 20 నిమిషాలు హెడ్‌సెట్ తీయనివ్వకూడదు, మొహంలో ఏమీ తెలియనివ్వకూడదు. తీశాక మాడు ఎర్రబడిందో లేదో మీరు అద్దంలో చూసుకోవద్దు, గుట్టు అక్కడే బయటపడుతుంది. తర్వాత ఇండోర్ ట్రైనర్ మీద 20 నిమిషాల టైమ్ ట్రయల్. స్క్రీన్ మీద పవర్ కప్పేసి, గడిచిన సమయం ఒక్కటే చూడాలి. రెండు సెషన్ల మధ్య కనీసం 48 గంటలు, వీలైతే 72. అదే గంట, అదే ఫ్యాను వేగం, అదే టిఫిన్, అదే కాఫీ. ప్రతి ఐదు నిమిషాలకు 6 నుంచి 20 దాకా ఉండే బోర్గ్ స్కేలు మీద ఆయాసానికి ఒక అంకె చెప్పాలి. ఆరూ అయ్యాకే చీటీ విప్పాలి. మూడు నిజం రోజుల సగటు పవర్, మూడు ఉత్తుత్తి రోజుల సగటు కంటే మూడు శాతం పైన ఉంటే ఏదో ఉందని ఆలోచించొచ్చు. ఒకటీ రెండూ శాతం అంటే అది రోజుకీ రోజుకీ ఉండే మామూలు ఊగిసలాటే. అసలు ఈ పరికరం కొన్నవాళ్లలో ఎంతమంది ఈ పని చేశారో అని ఆలోచిస్తే నవ్వొస్తుంది.

అదే చేత్తో కాఫీని కూడా పరీక్షించండి. పరుగుకు గంట ముందు కిలో బరువుకు 3 నుంచి 6 మిల్లీగ్రాముల కెఫీన్, అంటే 65 కిలోల మనిషికి 195 నుంచి 390 మిల్లీగ్రాములు, టైమ్ ట్రయల్‌లో రెండు మూడు శాతం తెస్తుందని దశాబ్దాల పరీక్షలున్నాయి. ఖర్చు లెక్కలోకి రాదు. ప్యాడ్లు తడపక్కర్లేదు.

ఎవరు పెట్టుకోకూడదు

మూర్ఛ ఉన్నవాళ్లు, ఒకప్పుడు వచ్చి తగ్గినవాళ్లు, తలలో లోహపు ముక్క, క్లిప్, ఇంప్లాంట్ ఉన్నవాళ్లు, పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలు దీని జోలికి వెళ్లొద్దు. మూర్ఛకూ నరాల నొప్పికీ వాడే కార్బమజెపిన్ లాంటి మందులు యానోడ్ ప్రభావాన్ని అణిచేస్తాయి. డిప్రెషన్ మందులు ప్రభావాన్ని పెంచొచ్చు, కాబట్టి డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు. మాడు మీద పుండు, సెగ్గడ్డ, గీరుకున్న చోటు ఉంటే మానేదాకా ఆగాలి. ప్రయోగశాల పద్ధతిలో 4 మిల్లీఆంపియర్ల లోపు, 40 నిమిషాల లోపు ఇచ్చిన 33,200కు పైగా సెషన్లలో తీవ్రమైన హాని కనిపించలేదని 2016లో ఒక సమీక్ష చెప్పింది. అది పర్యవేక్షణలో చేసినవాటి మాట. ఇంట్లో సొంతంగా వాడేవాళ్లను హెచ్చరిస్తూ పరిశోధకులు బహిరంగ లేఖ రాసిందీ అదే ఏడాది. డోపింగ్ భయం అక్కర్లేదు, ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ (వాడా) నిషేధిత జాబితాలో ఇది లేదు.

కొనే తీరాలంటే

పాత హాలో ఎవరైనా అమ్ముతుంటే డబ్బు చేతిలో పెట్టకముందు మూడు చూడండి. మీ ఫోన్లో యాప్ ఎక్కి హెడ్‌సెట్‌ని పట్టుకుంటోందా? యాప్ లేకపోతే అది ఖరీదైన హెడ్‌ఫోన్. ప్యాడ్ల ముళ్లు వంగకుండా, తెగకుండా నిలబడి ఉన్నాయా? అవి అరిగిపోయే సామాను, కంపెనీ లేదు కాబట్టి కొత్తవి దొరకడం గగనం. ప్యాడ్ తగిలే లోహపు బిందువుల మీద పచ్చటి చిలుము ఉందా? ఉంటే వదిలేయండి.

కెంట్ పద్ధతిలో భుజం మీద క్యాథోడ్ పెట్టి చూడాలని పట్టుదల ఉన్నవాళ్లకు తీగలు విడిగా ఉండే మామూలు టీడీసీఎస్ పరికరం కావాలి, రెండు వైపులకూ రెండు ఛానళ్లు ఉండాలి. దానికి స్పాంజిలు 5 గుణించు 7 సెంటీమీటర్లవి, మందులషాపులో దొరికే నార్మల్ సెలైన్‌లో సమానంగా నీళ్లు కలిపి ఒక్కోదానికి సుమారు 12 మిల్లీలీటర్లు. ఎరుపు తీగ యానోడ్, నలుపు క్యాథోడ్ అని నమ్మి ఊరుకోకుండా మల్టీమీటరుతో చూసుకోవాలి, తారుమారైతే పెంచాల్సిన చోట తగ్గిస్తారు. నడినెత్తి నుంచి చెవివైపు, చెవి నుంచి చెవికి ఉన్న కొలతలో 20 శాతం దూరంలో యానోడ్ నడుమ పడాలి. 36 సెంటీమీటర్ల తలకు అది 7.2.

తలకు పెట్టకముందు ఇంకో పని. రెండు తీగల మధ్య 4.7 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి తగిలించి, పరికరాన్ని 2 మిల్లీఆంపియర్ల మీద పెట్టి, రెసిస్టర్ రెండు కొసల మధ్య వోల్టేజీ కొలవండి. 9.4 వోల్టులు రావాలి. మొదటి 30 సెకన్లలో అంకె మెల్లగా ఎక్కి అక్కడ నిలబడాలి. ఒక్కసారిగా ఎగిరి 9.4 దగ్గర ఆగినా, 12 చూపించినా, నిలకడ లేకుండా ఊగినా ఆ పరికరాన్ని అమ్మినవాడికే తిరిగిచ్చేయండి.